ఐదో గొంతు

మా ఫ్లాట్‌లోకి కొత్త ఫ్రిజ్ వచ్చి పది రోజులైంది. పాతది ఇరవై రెండేళ్ళు నోరెత్తకుండా పనిచేసి పోయింది. కొత్తది వస్తూనే ఒక శ్రుతి పట్టుకుని కూర్చుంది. మొన్న పొద్దున్న పెరుగు గిన్నె తీసి, తలుపు మూసి, అక్కడే నిలబడిపోయాను. ఆ ఝుమ్మనే మోత మీద పంచమం ఎక్కడ కూర్చుంటుందా అని వెతుకుతూ సన్నగా 'ఆ' అంటున్నాను. దొరికింది. దొరికేసరికి ఒళ్ళు ఒక్కసారి తేలికపడింది. పనమ్మాయి చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసి, "ఏటమ్మా, పన్ను నొప్పేటి?" అంది. ఆ పిల్లని అనడానికేం లేదు. అరవయ్యొకటో ఏట ఫ్రిజ్ ముందు నోరు తెరుచుకుని నిలబడిన మనిషిని చూస్తే ఎవరికైనా అదే తోస్తుంది. ఈ జబ్బు నాకు మా మావయ్య అంటించాడు.

మావయ్య మా అమ్మకి ఆఖరి తమ్ముడు. గూడ్సు రైళ్ళ మీద గార్డుగా ముప్పై అయిదేళ్ళు చేశాడు, అందులో ఎక్కువ భాగం కొత్తవలసలో చీలి కిరండూల్ వైపు వెళ్ళే లైను మీదే. బొడ్డవర దాటాక కొండలు మొదలవుతాయి, కొండల్లో సొరంగాలు. అంత పొడుగు బండికి చివర ఒక పెట్టెలాంటి బ్రేక్‌వ్యాను, అందులో గార్డు ఒక్కడు. మాట్లాడదామంటే మనిషి ఉండడు, డ్రైవరు ఎక్కడో అర మైలు ముందుంటాడు. అందుకని పాడుకునేవాడు. ఆయన పాటలో మాటలన్నీ స్టేషన్ల పేర్లే. కొత్తవలసా, మల్లివీడూ, లక్కవరపుకోటా అంటూ తనే ఒక బాణీ కట్టుకుని, బొడ్డవరా దగ్గర దీర్ఘం తీసి ఆపేవాడు. ఎప్పుడైనా బండి సొరంగంలో ఆగిపోతే, ఆ నిశ్శబ్దంలో ఆ దీర్ఘాన్ని కదలకుండా నిలిపితే, తన గొంతుకి ఎంతో పైన ఇంకో గొంతు సన్నగా పలికేదట. "నానొక్కడినే పాడతన్నాను, పైన ఇంకెవులో పాడతన్నారు. బయమేసి ఒకపాలి లైటట్టుకుని కిందికి దిగిపోనాను" అని మా చిన్నప్పుడు చెప్పేవాడు. మేమంతా దయ్యమని నమ్మి దుప్పట్లు కప్పుకునేవాళ్ళం. మా అత్త మాత్రం, "కునుకు తీసుంటారు" అని తేల్చిపారేసేది. అత్తకి దయ్యాల మీద, మావయ్య మాటల మీద ఒకే రకం నమ్మకం.

మూడేళ్ళ కిందట నేను ఎచ్చెర్లలో లైబ్రరీ ఉద్యోగం ముగించుకుని విజయనగరం వచ్చి, మావయ్య ఇంటికి రెండు వీధుల అవతల దిగాను. దిగిన వారానికే ఫోను వచ్చింది. "ఒసే, ఏగిరం రా" అన్నాడు, అంతే. ఏం ముంచుకొచ్చిందోనని చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తాను. వెళ్ళి చూస్తే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కుర్చీలో బిగుసుకుని ఉన్నాడు. ఫోనులో నలుగురు మగవాళ్ళు, చారల కోట్లు, గడ్డి టోపీలు, పక్కన ఒక్క వాయిద్యం లేదు. హెడ్‌ఫోన్లు తీసి నా తలకి తగిలించి, "లెక్కెట్టు. నలుగురే కదా పాడతన్నారు? మరి ఆ అయిదో గొంతు ఎవులిదే?" అన్నాడు. నలుగురూ చివరి ముక్కకి వచ్చి ఒకచోట ఆగారు. ఆగి, అలా పట్టి ఉంచారు. అప్పుడు వాళ్ళ తలల మీదుగా ఎవరి నోరూ పలకని స్వరం ఒకటి లేచి నిలబడింది. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మావయ్య నా చేతుల వంకే చూస్తున్నాడు.

లైబ్రరీ బుద్ధి ఎక్కడికి పోతుంది, ఆ వారమంతా దాని గురించి చదివాను. దాన్ని బార్బర్‌షాప్ పాట అంటారు. ఒకప్పుడు అమెరికాలో, ముఖ్యంగా నల్లవాళ్ళ వీధుల్లో, మంగలి కొట్లో వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఊసుపోక గొంతులు కలిపేవారట. పాటని నడిపేది లీడ్, అడుగున ఆసరాగా ఉండేది బేస్, అన్నిటికన్నా పైన సన్నగా పోయేది టెనర్, మిగిలిన సందులో సర్దుకునేది బారిటోన్. ఏ గొంతులోనైనా మనం పలికే స్వరంతో పాటు దాని పై స్వరాలు కొన్ని దాగి ఉంటాయి. నాలుగు గొంతులూ వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరితే ఆ దాగినవన్నీ ఒకదానికొకటి తోడై గంటలా మోగుతాయి. అలా ఒకేసారి పలికే స్వరాల గుంపుని కార్డ్ అంటారు, కార్డ్ మోగడమంటే అదే. ఇదంతా వివరంగా చెబితే మావయ్య కాస్త నీరసపడ్డాడు. "ఇన్నేళ్ళూ దెయ్యమనుకున్నాను కదే" అన్నాడు. మర్నాడు గడ్డం గీయించుకుంటూ మంగలికి కూడా చెప్పాడట, అమెరికాలో మీ కొట్లలో పాటలు పాడతారని. అతను కత్తి ఆపకుండానే, "ఇక్కడ పాడితే సెవి తెగుతాది బాబూ" అన్నాడట.

చెవి మాట వచ్చింది కాబట్టి అసలు సంగతి చెప్పాలి. ముప్పై అయిదేళ్ళ ఇనుప మోత ఊరికే పోలేదు. ఆ నెలలోనే చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. కింది స్వరాలకి టకటకా నొక్కాడు. పైవాటికి వచ్చేసరికి వేలు మీట మీదే ఆగి ఉండిపోయింది. కాగితం మీద గీత ఎడమ నుంచి కుడికి జారుతూ వచ్చింది. మావయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఘాట్ సెక్షనే" అన్నాడు. డాక్టరు నవ్వలేదు. లావు శబ్దాలు ఉంటాయి, సన్నవి ముందు పోతాయి, ఇంకా పోతాయి, ఎంత తొందరగా అన్నది చెప్పలేను అన్నాడు. చెవిలో పెట్టుకునే మిషను రాసిచ్చాడు. ఆటోలో వస్తూ మావయ్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. కోట దగ్గరికి వచ్చాక, "ఆ అయిదో గొంతు సన్నదే కదే" అన్నాడు. అవునన్నాను. "అది పోకముందే, మనింట్లో, మన గొంతుల్లోంచి, ఒక్కపాలి ఇనాలి" అన్నాడు. జీవితంలో ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

నలుగురు కావాలి. అడుగున మావయ్య ఉన్నాడు, ఆ గొంతుకి ఈ జిల్లాలో సాటి లేదు. లీడ్ ఎవరన్న ప్రశ్నే లేదు, ఆ ఇంట్లో ఏదైనా నడిపేది అత్తే. చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది, భజన బృందానికి పెద్ద, హార్మోనియం ముందు కూర్చుంటే పూనకమే. మధ్యలో పంచమం పట్టుకోవడానికి నేను. ఇక పైన గాంధారానికి మనిషి లేదు. ఒకరోజు పొద్దున్న కాఫీ తాగుతుండగా వీధి చివర చేపలమ్మే పిన్ని కేక వినిపించింది. భోగాపురం అవతల సముద్రపొడ్డు పల్లె నుంచి పాతికేళ్ళుగా మా వీధులకి గంప తెచ్చే మనిషి. "సేపలోయ్" అని ఎత్తితే ఆ 'లో' ఎక్కడా వణకదు, వంగదు, మూడు వీధులు దాటి పోతుంది. మావయ్య గ్లాసు కింద పెట్టేసి, "ఇదేనే, వంకర లేని గొంతు" అని గేటు దగ్గరికి పరుగెత్తాడు. ఆమె సంగతంతా విని, "పాటా? నానా? గార్డు బావకి మతి పోనాది అప్పా" అంది అత్తతో. కాని గురువారం మా వీధుల్లో నీచు వండరు, ఆ రోజు ఆమెకి బేరం ఉండదు. ఆ గురువారమే గంప లేకుండా వచ్చింది.

నేర్చుకోవడం అంటే మాకు వచ్చినదాన్ని వదిలించుకోవడమే అయింది. అత్త స్వరాన్ని కదపకుండా నిలపమంటే ఉయ్యాల ఊపేది. గమకం లేని స్వరం ఉప్పు లేని పప్పు అని ఆమె మతం. ఊగే స్వరం మీద ఇంకో స్వరం ఎలా కూర్చుంటుందని మావయ్య బతిమాలేవాడు. పిన్నికి గొంతు తగ్గించడం రాదు. అడుగు గొంతు బలంగా ఉండాలి, పైది అన్నం మీద నెయ్యిలా పల్చగా పరుచుకోవాలి అని నేను చదివింది చెబితే, "మెల్లగా అరిస్తే సేపలెవులు కొంతారమ్మీ?" అని అడిగింది. ఇక నోళ్ళు. నలుగురూ 'ఆ' అన్నా అది నాలుగు రకాల 'ఆ'. మావయ్యది సొరంగంలోంచి వచ్చే 'ఆ', అత్తది నవ్వుతున్న భజన 'ఆ', పిన్నిది వీధి మలుపు వైపు తిరిగిన 'ఆ', నాది లైబ్రరీలో ఎవరూ వినకూడదన్న 'ఆ'. నోటి ఆకారం ఒక్కటైతే తప్ప గొంతుల రంగు ఒక్కటి కాదు. మావయ్య గడ్డం అద్దాన్ని గోడకి ఆనించి, అందులో ముగ్గురు ఆడవాళ్ళం తలలు దూర్చి నోళ్ళు తెరిచి మూసేవాళ్ళం. పక్కింటావిడ గోడ మీంచి చూసి, దవడలకి వ్యాయామం అనుకుని తనూ నేర్చుకుంటానంది. ఇలా నాలుగు నెలలు గడిచాయి. స్టేషన్ల పాట చివర బొడ్డవరా దగ్గర ఆగి, హార్మోనియం పెట్టిన శ్రుతిలో, నిలిపేవాళ్ళం. బాగుండేది. మోగేది కాదు. మధ్యమధ్య మావయ్య హెడ్‌ఫోన్లలో ఆ చారల కోట్లవాళ్ళని మళ్ళీ వినేవాడు. ప్రతిసారీ కాస్త సౌండు పెంచేవాడు.

చలికాలం మొదట్లో ఒక గురువారం, బొడ్డవరా పట్టి ఉండగా, మావయ్య చెయ్యి పైకెత్తాడు. "వచ్చిందే... వచ్చీసింది" అన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు. పిన్ని నా వంక చూసింది, నేను అత్త వంక చూశాను. అది మేమూ విన్నాం. ఆయన ఎడమ చెవిలో మిషను కూసింది. దవడ బాగా తెరిచినప్పుడు అది కొంచెం వదులై ఈల వేస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. మావయ్య వీధి వీధంతా మిఠాయి పంచాడు. ఎందుకు పంచుతున్నాడో అడిగినవాళ్ళకి కార్డ్ మోగడం గురించి ఓపికగా చెప్పాడు. నేను ఒక ముక్క నోట్లో వేసుకుని ఊరుకున్నాను. మనిషి సంతోషపడ్డాడు, ఇంకేం కావాలి అనుకున్నాను.

మూడు రోజులు ఆ సంతోషం నడిచింది. నాలుగో రోజు భోజనాల దగ్గర అత్త పప్పు వడ్డిస్తూ, "అది మిసను కూసిందండీ. మేం ముగ్గురం ఇన్నాం. పాటలోంచి రాలేదు" అంది. మావయ్య కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. వంటింట్లోకి వెళ్ళి, ఆ ఒక్క అబద్ధం ఉండనిస్తే నీ సొమ్మేం పోయింది అని గట్టిగానే అడిగాను. అత్త గిన్నె కడగడం ఆపలేదు. "ఆయన ఎతికింది అది కాదు కదే. కానిదాన్ని సేతిలో ఎట్టి, ఇదే అనుకోండి అంటే, మోసం కాదేటి?" అంది. నా కోపం మాత్రం తగ్గలేదు. మావయ్య మిషను తీసి దాని డబ్బాలో పెట్టేశాడు. ఫోనులో ఆ పాట సౌండంతా పెంచినా చివరి ముక్క దగ్గర ఇప్పుడు నలుగురే వినిపిస్తున్నారని ఒకసారి నాతో అన్నాడు. ఆ తర్వాత మూడు గురువారాలు ఆ ఇంట్లో పాట లేదు.

నాలుగో గురువారం పిన్ని ఎవరూ పిలవకుండానే వచ్చి వరండాలో చతికిలపడింది. అత్త ఇచ్చిన టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, "అప్పా, నిజం సెప్పీనా? ఆ పెట్టి పలికితే నా గొంతు నిలవదు. నాను ఆగిన సోట ఆగనీదు, కూసింత పైకి లాగతాది" అంది. పెట్టంటే హార్మోనియం. నేను చూపు కిందికి దించుకున్నాను. ఎందుకంటే ఆ సంగతి నాకు రెండు నెలల ముందే తెలుసు. హార్మోనియం మెట్లని ఏ శ్రుతి పెట్టినా పనికొచ్చేలా అన్నిటినీ కాస్త కాస్త సర్ది కడతారు, దాని గాంధారం అసలు ఉండవలసిన చోటుకి కొద్దిగా పైన పలుకుతుంది, నాలుగు గొంతులు మోగాలంటే ఆ కొద్ది కూడా పనికిరాదు అని చదివాను. చదివి నోరు మూసుకున్నాను. అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెట్టె అది. ముప్పై ఏళ్ళుగా భజన బృందమంతా దానికే గొంతు సరిచేసుకుంటోంది. అది తప్పు పలుకుతుందని అత్త ముఖం మీద అనగల మనిషి ఈ ఊళ్ళో లేదనుకున్నాను. సముద్రపొడ్డు నుంచి రావలసి వచ్చింది.

అత్త లేచింది. లోపలికి వెళ్ళి హార్మోనియం ముందు కూర్చుని గాంధారం ఒక్కటే నొక్కి పెట్టి, పిన్నిని పాడమంది. తర్వాత మెట్టు వదిలేసి మళ్ళీ పాడమంది. ఇలా అయిదారుసార్లు చేసింది. ఆ ముఖంలో ఏం జరుగుతోందో నేను చూడలేకపోయాను. ఆఖరికి తిత్తి మూసి, కొక్కెం పెట్టి, పెట్టెని రెండు చేతులా మంచం కిందికి తోసేసింది. వరండాలోకి వచ్చి మావయ్య కుర్చీ ముందు నిలబడి, గట్టిగా, "లెగండి. ఒక్క సా ఇవ్వండి" అంది. ఆయనకి ఇష్టం లేదు. మిషను పెట్టుకోనన్నాడు. అక్కర్లేదంది.

ఆయన కింది సా పట్టాడు. ఏ పెట్టే లేదు, ఆ గొంతే మాకు నేల. అత్త పై సా వేసింది, ఊయల లేకుండా, తిన్నగా. నేను నా పంచమంలో కూర్చున్నాను. పిన్ని గాంధారాన్ని మెల్లిగా తెచ్చి, కళ్ళు మూసుకుని, తక్కెడ ముల్లు నిలిచేదాకా చూసినట్టు, కాస్త కాస్త దించుకుంటూ వచ్చింది. ఒకచోట ఆగింది. అంతే, నా గొంతు నాకు వినిపించడం మానేసింది. పాడుతున్నానని గుండెల్లో అదురు చెబుతోంది గాని, నా స్వరం ఎక్కడుందో తెలియలేదు. నలుగురం కరిగి ఒకటైపోయాం, ఆ ఒక్కదాని పైన, దూలాల దగ్గర, ఎవరిదీ కాని గొంతు లేచింది. ఈల కాదు, గంట కాదు. ఎప్పటి నుంచో ఆ గదిలోనే ఉండి, మేం సరిగ్గా పిలిచేదాకా పలకనిది. నాకు భయమేసింది. దణ్ణం పెట్టాలనిపించింది, చేతులు కదిపితే పోతుందేమోనని పెట్టలేదు. పిన్ని కళ్ళు తెరిచి పైకి చూస్తోంది. అత్త చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి, స్వరం మాత్రం ఇసుమంతైనా కదలలేదు.

మావయ్యకి ఊపిరి అయిపోయింది. ఆయన ఆగాక మేం ముగ్గురం ఇంకో క్షణం పాడి ఆగాం. అత్త గోడకి ఆనుకుని, "తంబురాలో దానంతటది పలికే గాంధారం ఉంటాదని మా మేష్టారు సెప్పేవారు. ఉత్తమాటనుకున్నాను" అంది, ఎవరితోనో తెలియదు. మావయ్య మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "వచ్చిందా?" అన్నాడు. నేను అత్త వంక చూశాను. "నాకు నా గొంతొక్కటే ఇనిపించింది" అన్నాడు. ఏడవలేదు, కోప్పడలేదు, ఉన్నమాట చెప్పాడు. నాలుగు నెలలు ఆలస్యమైంది, అందులో రెండు నెలలు నావి. ఆ సంగతి ఇప్పటికీ నేను ఆయనకి చెప్పలేదు.

అత్త ఆయన కుడి చెవి దగ్గరికి వంగి, "వచ్చింది. మీరు ఊపిరి ఆపీసరికి పోనాది. మేం ముగ్గురం పాడతనే ఉన్నాం, అయినా పోనాది" అంది. ఈ మనిషికి జాలన్నదే లేదా అనుకున్నాను. మావయ్య ఆవిడ వైపు తిరిగాడు. "నానాపితే పోనాదా?" అని మళ్ళీ అడిగాడు. పోయిందని పిన్ని కూడా తలూపింది. ఆయన కుర్చీలో నిటారుగా సర్దుకుని, చొక్కా సవరించుకున్నాడు. "అయితే ఆపను. ఎత్తండి" అన్నాడు.

అప్పుడు ఆయనకి డెబ్బై నాలుగు. ఇప్పుడు మా మాటలు కూడా సగం పెదాలు చూసే పట్టుకుంటాడు. గురువారం గురువారం కింది సా పట్టి మా ముఖాల వంకే చూస్తూ ఉంటాడు. అది వచ్చిందని మా ముఖాల్లో కనబడేదాకా ఊపిరి వదలడు, కనబడ్డాక ఇంకాసేపు వదలడు. ఆయన కట్టిన ఆ నేల మీద నిలబడి నేను ఇంకా వినగలుగుతున్నాను. ఎన్నాళ్ళు వినగలనో నాకు ఏ డాక్టరూ రాసివ్వలేదు గనక, ఆ రోజు నుంచి ఒక్క గురువారం కూడా మానలేదు.